కారు కారుతోంది! (ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ లీకు మీద ఒక పాఠం)



"కారు కారుతోంది" అని ఎవరైనా అంటే మన క్లబ్బులో ముందు నవ్వుతారు, తర్వాత ఇది యమకమా కాదా అని వాదన పెట్టుకుంటారు. మెకానికల్ వాళ్లు మాత్రం "ఎక్కడి నుంచి?" అని అడుగుతారు. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న కోసం. రాసేది తెలుగు పత్రికకి కాబట్టి, పనికొచ్చిన చోటల్లా తెలుగు మాటల్ని కూడా పనిముట్లుగా వాడుకుందాం.

మనలో చాలామంది ఇళ్లలో కారు ఉంటే అది పాత కారే. కొందరి ఇంట్లో అదే అన్నం పెట్టే టాక్సీ. ఎమ్మెస్‌కి వెళ్లిన సీనియర్లు అక్కడ మొదట కొనుక్కునేదీ ఎక్కువగా సెకండ్ హ్యాండ్ బండే. ఆ వయసు కార్లలో తరచుగా కనిపించే జబ్బుల్లో ఒకటి ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గర లీకు. పోయేది ఒక చిన్న రబ్బరు ముక్క. పట్టించుకోకపోతే పోయేది ఇంజిన్. ఈ రెండింటి ఖరీదుకీ మధ్య ఉన్న తేడాయే ఈ పాఠం చదవడానికి కారణం.

ముందు నాలుగు మాటలు

లీకు అన్న ఒక్క మాటతో మనం అన్నిటినీ కలిపేస్తాం. తెలుగులో దీనికి మెట్లు ఉన్నాయి. కుండ బయట తడి కనిపిస్తే "చెమర్చింది" అంటాం. ఆ తడి తుడిచినా మళ్లీ వస్తుంటే "ఊరుతోంది" అంటాం. బొట్టుగా జారితే "కారుతోంది". ఆగకుండా పడితే "ధార". పగిలి నీళ్లు నిలవని కుండ అయితే "ఓటికుండ".

మెకానిక్కి కావలసిన వర్గీకరణ కూడా సరిగ్గా ఇదే. హౌసింగ్ చుట్టూ దుమ్ము అంటుకున్న పలచటి తడి ఉంటే అది చెమర్చడం. రాసి పెట్టుకుని నెలనెలా గమనిస్తే సరిపోతుంది. తుడిచిన వారంలోనే మళ్లీ తడిస్తే అది ఊట. ప్యాకింగ్ మార్చే రోజు దగ్గర పడిందన్నమాట. నేల మీద బొట్టు కనిపిస్తే ఇక వాయిదా వేయకూడదు. ధార కనిపిస్తే ఇంజిన్ ఆపాలి, మళ్లీ స్టార్ట్ చేయకుండా బండిని లాక్కెళ్లాలి.

ఈ హౌసింగ్ ఏం చేస్తుంది?

ఇంజిన్ అడుగున ఉండే తొట్టిని మన మెకానిక్కులు చాంబర్ అంటారు. అందులోని ఆయిల్‌ని పంపు లాగుతుంది. ఒక రిలీఫ్ వాల్వు ఒత్తిడి మితిమీరకుండా చూస్తుంది. అక్కడి నుంచి ఆయిల్ మొత్తం ఫిల్టర్ గుండా వెళ్లి, శుభ్రపడి, బ్లాకులోని ప్రధాన కాలువలోకి చేరి, క్రాంక్ బేరింగులకీ క్యామ్ షాఫ్టుకీ పంపిణీ అవుతుంది. ఊరి చెరువుకి తూము ఎలాగో ఇంజిన్‌కి ఈ ఫిల్టర్ అలాగ. పంట కాలువలన్నిటికీ నీరు దాని గుండానే పోవాలి.

పాత కార్లలో, ఇప్పటికీ చాలా చిన్న పెట్రోల్ కార్లలో, ఫిల్టర్ అంటే మర తిప్పి బిగించే రేకు డబ్బా. దాన్ని పారేసి కొత్తది బిగిస్తాం. రెండో రకంలో డబ్బా శాశ్వతం, లోపలి కాగితపు గుళిక మాత్రమే మారుతుంది. ఈ శాశ్వతమైన డబ్బాయే హౌసింగ్. మన రోడ్ల మీద స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా, పుంటో లాంటి ఎన్నో బండ్లలో తిరిగిన 1.3 లీటర్ల ఫియట్ డీజిల్ ఇంజిన్‌లో ఉన్నది ఈ గుళిక రకమే.

హౌసింగ్ అంటే ఖాళీ గిన్నె అనుకోకండి. ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ని పక్కదారి పట్టించే బైపాస్ వాల్వు, బండి ఆపినప్పుడు ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే వాల్వు, ఆయిల్ ప్రెషర్ స్విచ్చి తరచుగా ఇందులోనే ఉంటాయి. చాలా ఇంజిన్లలో రేడియేటర్ నీటితో ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ కూడా దీనికే అతుక్కుని ఉంటుంది. అంటే కారడానికి దారి ఒకటి కాదు, కనీసం అయిదారు:

1. పై మూత చుట్టూ ఉండే ఓ-రింగ్.
2. హౌసింగ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య ఉండే గ్యాస్కెట్.
3. హౌసింగ్‌కీ కూలర్‌కీ మధ్య ఉండే గ్యాస్కెట్ లేదా చిన్న రింగులు.
4. ప్రెషర్ స్విచ్చి మర దగ్గర, లేదా స్విచ్చి లోపలి నుంచే.
5. కొన్ని మూతలకి ఉండే చిన్న డ్రెయిన్ ప్లగ్గు రింగు.
6. హౌసింగ్ ప్లాస్టిక్‌ది అయితే, దానికే పడ్డ పగులు.

ఈ జాబితాని గుర్తు పెట్టుకోండి. ఏది కారుతోందో తేలేదాకా దేన్నీ విప్పకూడదు.

రబ్బరు ఎందుకు ఓడిపోతుంది?

ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ మనందరికీ తెలుసు. కొత్తలో మెత్తగా, సాగుతూ ఉంటుంది. ఏడాది రెండేళ్లకి గట్టిపడి, మూత ఆకారానికి అచ్చు పోసినట్టు అయిపోతుంది. పక్క నుంచి ఆవిరి చీదుతుంది. అమ్మ దాన్ని చల్లటి నీళ్లలో వేసి ఇంకో నాలుగు రోజులు లాగిస్తుంది. ఆ గ్యాస్కెట్‌కి జరిగింది, ఇంజిన్ గ్యాస్కెట్‌కి జరిగేది ఒక్కటే.

సీలు పని చేసేది రబ్బరు మెత్తదనం వల్ల మాత్రమే కాదు, నొక్కితే తిరిగి లేవాలనుకునే గుణం వల్ల. ఇంటర్‌లో మనం చదివిన స్థితిస్థాపకత ఇదే. ఓ-రింగుని గాడిలో పెట్టి బిగిస్తే దాని మందంలో పావు వంతు దాకా అణుగుతుంది. అది తిరిగి లేవబోతూ రెండు లోహపు ముఖాలనీ నెడుతూ ఉంటుంది. ఇంకో చమత్కారం ఏమిటంటే, లోపలి ఆయిల్ ఒత్తిడి రింగుని గాడి అవతలి గోడకి నొక్కి, సందుని ఇంకా గట్టిగా మూస్తుంది. ఒత్తిడి పెరిగే కొద్దీ సీలు బలపడుతుంది. అమెరికాలో స్థిరపడ్డ డేనిష్ ఇంజినీరు నీల్స్ క్రిస్టెన్సన్ 1937లో దరఖాస్తు చేసి 1939లో పేటెంట్ పొందిన ఆలోచన ఇది.

ఏళ్ల తరబడి వేడి ఆయిల్‌లో నానితే రబ్బరులోని అణువుల గొలుసులు మరింతగా ముడిపడి గట్టిపడతాయి. అణిగినది అణిగినట్టే ఉండిపోతుంది. నైట్రైల్ రబ్బరు సుమారు 100 నుంచి 120 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. వైటాన్ లాంటి ఫ్లోరో రబ్బరు 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఇంజిన్ ఆయిల్ మామూలుగా 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది, ఘాట్ రోడ్డులో ఇంకా పెరుగుతుంది. నైట్రైల్ హద్దు పక్కనే రోజూ కాపురం అన్నమాట.

తిరిగి లేచే గుణం పోతే ఏమవుతుందో లోకమంతా చూసిన సందర్భం ఒకటుంది. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక కూలిపోయి ఏడుగురు చనిపోయారు. ఆ ఉదయం చలికి బూస్టర్ రాకెట్ ఓ-రింగులు సమయానికి లేచి సందుని మూయలేకపోయాయి. విచారణలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మాన్ ఆ రబ్బరు ముక్కని బిగింపులో నొక్కి, ఐసు నీళ్ల గ్లాసులో ముంచి తీసి, అది వెంటనే తిరిగి లేవడం లేదని అందరి ముందూ చూపించాడు. అక్కడ చలి కాసేపు చేసిన పనిని మన ఇంజిన్‌లో వేడి శాశ్వతంగా చేస్తుంది.

దీనికి వ్యాకోచం తోడవుతుంది. హౌసింగ్ అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము అనుకుందాం. రెండు బోల్టుల మధ్య దూరం 100 మి.మీ. బండి 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి వేడెక్కితే అల్యూమినియం సుమారు 0.18 మి.మీ., ఇనుము సుమారు 0.09 మి.మీ. సాగుతాయి. తేడా దాదాపు 0.1 మి.మీ. అంటే స్టార్ట్ చేసి వేడెక్కిన ప్రతిసారీ రెండు ముఖాలూ ఒకదాని మీద ఒకటి అంత మేర జరగాలని చూస్తాయి. బతికున్న రబ్బరు ఆ కదలికతో పాటు సాగుతుంది. గట్టిపడ్డది సాగలేక సందు ఇస్తుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ఎక్కువగా కారి, వేడెక్కాక తగ్గినట్టు కనిపించే లీకుల వెనక తరచుగా ఉండేది ఇదే.

బోల్టు ఇంకాస్త బిగిస్తే పోదా?

అందరికీ మొదట వచ్చే ఆలోచన ఇది. లెక్క వేసి చూద్దాం.

హౌసింగ్‌ని పట్టుకునేవి మూడు ఎమ్-8 బోల్టులు అనుకోండి. ఒక్కోటి 22 న్యూటన్ మీటర్లకి బిగించాం. బలం = టార్క్ ÷ (0.2 × వ్యాసం) అనే మనకు తెలిసిన సూత్రం ప్రకారం ఒక్కో బోల్టు సుమారు 13,750 న్యూటన్ల బలంతో నొక్కుతుంది. మూడూ కలిపి 41,000 పైనే. మరి హౌసింగ్‌ని తోసే ఆయిల్ బలం ఎంత? ఒత్తిడి 5 బార్, 25 మి.మీ. వ్యాసం ఉన్న రంధ్రాలు రెండు అనుకుంటే, అది సుమారు 490 న్యూటన్లు. బోల్టుల బలం అంతకి 80 రెట్లు.

బోల్టుల బలం చాలక కారడం లేదని తేలింది కదా. పైగా అచ్చు పోసిన రబ్బరు గ్యాస్కెట్ ఒక గాడిలో కూర్చుంటుంది. బోల్టు బిగిసేసరికి లోహం లోహాన్ని తాకేస్తుంది. రబ్బరు ఎంత అణగాలో నిర్ణయించేది గాడి లోతు. ఆపైన మీరు వేలాడి బిగించినా ఆ బలమంతా లోహం మీదకే పోతుంది, రబ్బరుకి చేరదు. చేరేది అల్యూమినియంలోని మరలకి. మరలు ఊడితే కొత్త మరలు వేసి హెలికాయిల్ పెట్టించాలి. గంటల పని కాస్తా రోజుల పని అవుతుంది.

చుక్క పడ్డ చోటు వేరు, పుట్టిన చోటు వేరు

లీకు వెతకడంలో మొదటి సూత్రం ఇది. ఆయిల్ పుట్టిన చోట నుంచి కిందికి జారుతుంది, బండి వేగానికి గాలి దాన్ని వెనక్కి తోస్తుంది, చివరికి అన్నిటికన్నా కిందున్న అంచు దగ్గర బొట్టు కడుతుంది. నేల మీద మరక చూసి జబ్బు చెప్పడం, గుమ్మం దగ్గర చెప్పులు చూసి చుట్టం పేరు చెప్పడం లాంటిది.

మా బాబాయి విజయవాడలో సొంత డీజిల్ బండిని టాక్సీగా నడుపుతాడు. మొన్నటి వేసవిలో బండి కింద, ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య చుక్కలు పడటం మొదలైంది. మొదట చూపించిన షెడ్డులో "వెనక ఆయిల్ సీల్ పోయింది, గేర్‌బాక్సు దించాలి, మూడు రోజులు పడుతుంది" అన్నారు. మూడు రోజులు బండి ఆగితే మూడు రోజుల కిరాయి పోతుంది. నెలాఖరుకి లోను వాయిదా ఉంది. అలాగని కారుతూ ఉండగా తిప్పితే ఏమవుతుందోనని భయం. బాబాయి ఇంకొకరి మాట కూడా విందామని ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీ దగ్గరకి తీసుకెళ్లాడు.

ఆయన బండి కిందకి దూరనే లేదు. టార్చి వేసి పై నుంచి చూశాడు. "వెనక సీలు పోతే పైన తడి ఎందుకుంటుంది తమ్ముడూ? తడి ఎంత పైదాకా ఉందో అక్కడ మొదలెట్టాలి" అని, ఇంజిన్ ఆ పక్కంతా కడిగించాడు. బాగా ఆరాక, టాల్కం పౌడర్ చల్లి పావుగంట ఇంజిన్ ఆన్ చేసి ఉంచాడు. తెల్లటి పౌడర్ మీద హౌసింగ్ బ్లాకుని తాకే గీత నుంచి నల్లటి చార ఒకటి బయల్దేరింది. అది బ్లాకు వెంబడి జారి గేర్‌బాక్సు అంచు దాకా వెళ్లింది. పోయింది గ్యాస్కెట్. సాయంత్రానికి పని అయిపోయింది, మర్నాడు పొద్దున బాబాయి ఎయిర్‌పోర్ట్ కిరాయికి వెళ్లాడు.

ఆ మేస్త్రీ చేసినదాన్ని పద్ధతిగా రాసుకుంటే ఇలా వస్తుంది:

ముందు ఇంజిన్ చల్లారనిచ్చి, డీగ్రీజర్‌తో ఆ ప్రాంతం శుభ్రం చేయాలి. ఆల్టర్నేటర్, కరెంటు కనెక్టర్ల మీద ప్లాస్టిక్ సంచి కట్టాలి. ఆరాక ఇంజిన్ నడిపి, అన్నిటికన్నా పైన తడి ఎక్కడ మొదలవుతోందో చూడాలి. హౌసింగ్ కన్నా పైన ఉండే వాల్వ్ కవర్ పొడిగా ఉందో లేదో తప్పకుండా చూడాలి. అది కారినా ఆయిల్ ఈ దారినే దిగుతుంది. పౌడర్‌తో తేలకపోతే ఆయిల్‌లో కలిపే ఫ్లోరసెంట్ రంగు దొరుకుతుంది. ఓ రోజు తిప్పి, చీకట్లో యూవీ లైటు వేస్తే దారంతా మెరుస్తుంది. నడుస్తున్న బెల్టు, ఫ్యాన్ దగ్గరకి చెయ్యి, చున్నీ, వదులు చొక్కా పోకూడదు.

ఈ తికమక మన ఊళ్లకే పరిమితం కాదు. క్రైస్లర్ వాళ్ల 3.6 లీటర్ల పెంటాస్టార్ వి-6 ఇంజిన్‌లో ఫిల్టర్ హౌసింగ్ ప్లాస్టిక్‌ది. అది రెండు సిలిండర్ వరసల మధ్య లోయలో, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటుంది. అది పగిలితే ఆయిల్ ముందు ఆ లోయలో చేరి, నిండాక ఇంజిన్ వెనక నుంచి దిగుతుంది. చూసినవాళ్లు వెనక సీలు అనుకుంటారు. బీఎండబ్ల్యూ ఎన్-52, ఎన్-54, ఎన్-55 ఆరు సిలిండర్ల ఇంజిన్లలో ఇంకో ప్రమాదం. హౌసింగ్ గ్యాస్కెట్ నుంచి కారిన ఆయిల్ కింద ఉన్న బెల్టు మీద పడుతుంది. నానిన బెల్టు జారి పీచులు పీచులుగా ఊడి, ఆ పీచులు ముందు క్రాంక్ సీలు గుండా ఇంజిన్ లోపలికి లాగబడిన సందర్భాలున్నాయి. అమెరికాలో పాత బండి కొనబోతున్న సీనియర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కొనేముందు బానెట్ ఎత్తి ఈ ఒక్క చోటు టార్చి వేసి చూడండి.

ఎంత కారితే ప్రమాదం?

"చుక్కే కదా" అనేవాళ్ల కోసం చిన్న లెక్క. ఇరవై చుక్కలు సుమారు 1 మిల్లీలీటర్. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పది సెకన్లకి ఒక చుక్క పడుతోంది అనుకుందాం. గంటకి 360 చుక్కలు, అంటే 18 మి.లీ. రోజుకి పది గంటలు తిరిగే టాక్సీలో 180 మి.లీ. చాలా కార్లలో డిప్‌స్టిక్ మీద పై గీతకీ కింది గీతకీ తేడా సుమారు లీటర్. అయిదారు రోజుల్లో పై గీత నుంచి కింది గీతకి దిగిపోతుంది. వారానికి ఒకసారి మాత్రం చుట్టాలింటికి వెళ్లే సొంత కారులో అదే లీకు నెలల తరబడి తెలియదు.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. డ్యాష్ బోర్డు మీద దీపం చెంబు బొమ్మతో వెలిగే ఎర్ర లైటు ఆయిల్ తగ్గిందని చెప్పదు. ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. అది వెలిగేసరికి పంపు అప్పటికే గాలి మింగుతూ ఉండొచ్చు. బేరింగుకీ క్రాంక్‌కీ మధ్య ఉండే ఆయిల్ పొరకి ఆయిల్ అందేది ఆ ఒత్తిడితోనే. పొర పోతే లోహం లోహాన్ని రాస్తుంది, వేడికి అతుక్కుంటుంది. దీన్నే ఇంజిన్ పట్టేసింది అంటారు. ఆ లైటు వెలిగితే "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అనకుండా, పక్కకి తీసి వెంటనే ఆపేయాలి.

ఇంకో గుర్తు కూడా చూడాలి. కూలర్ లోపలి సీలు పోతే ఆయిల్ బయటికి రాదు, రేడియేటర్ నీళ్లలో కలుస్తుంది. నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి నీటి ఒత్తిడి కన్నా ఎక్కువ కాబట్టి మొదట ఆ దిక్కుగానే పోతుంది. కూలెంట్ డబ్బాలో పాలు ఎక్కువైన కాఫీ రంగు మడ్డి కనిపిస్తే అనుమానించాల్సినవాటిలో ఇది ఒకటి.

మరమ్మతు, అంచెలంచెలుగా

కింద చెప్పేది గుళిక రకం హౌసింగ్‌కి సాధారణ క్రమం. బండిని బట్టి బోల్టుల సంఖ్య, అడ్డం వచ్చే భాగాలు మారతాయి. మీ బండి సర్వీసు మాన్యువల్ పక్కన ఉండాలి. మొదటిసారి చేసేవాళ్లు తెలిసినవాళ్లని పక్కన పెట్టుకోవాలి.

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. చదునైన చోట హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి రాళ్లు పెట్టి, బ్యాటరీ నెగెటివ్ వైరు తీయాలి. కిందకి దూరాల్సి వస్తే స్టాండ్లు పెట్టాల్సిందే, ఒట్టి జాకీని నమ్మకూడదు.

2. చుట్టూ మట్టి లేకుండా తుడవాలి. విప్పాక లోపల పడే ప్రతి ఇసుక రేణువూ బేరింగు దాకా ప్రయాణం చేస్తుంది.

3. మూత ముందు కొంచెం వదులు చేసి ఆగాలి. హౌసింగ్‌లోని ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. అప్పుడు మూత తీసి గుళికని బయటకి తీయాలి. మూతకి సరిపోయే కప్పు లాంటి పానా వాడాలి. ప్లాస్టిక్ మూతని పైపు పానాతో పట్టుకుంటే పగులుతుంది.

4. కూలర్ ఉంటే రేడియేటర్ నీళ్లు కూడా దింపాలి. వేడి మీద రేడియేటర్ మూత ఎప్పుడూ తెరవకూడదు. కింద ఉన్న బెల్టు, ఆల్టర్నేటర్ మీద ప్లాస్టిక్ కప్పాలి.

5. వైర్లు, గొట్టాలు తీసేముందు ఫోన్‌తో ఫోటోలు తీసుకోవాలి. బోల్టులు ఒకేసారి ఒకటి పూర్తిగా కాకుండా, వంతులవారీగా కొంచెం కొంచెం వదులు చేయాలి. వాటి పొడవులు వేరువేరుగా ఉండొచ్చు. అట్ట ముక్క మీద హౌసింగ్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఏ చోటిదో అక్కడ గుచ్చి పెడితే తిరిగి పెట్టేటప్పుడు తడుముకోనక్కర్లేదు.

6. హౌసింగ్ లాగగానే బ్లాకులో కనిపించే రంధ్రాలకి శుభ్రమైన, పీచు రాలని గుడ్డ అడ్డం పెట్టాలి. ఊరగాయ జాడీకి వాసెన కట్టడం లాంటిదే. తిరిగి బిగించేముందు ఆ గుడ్డ తీయడం మరవకూడదు.

7. పాత గ్యాస్కెట్ తీసి వేళ్ల మధ్య వంచి చూడండి. కొత్తది వంగితే ఇది విరగొచ్చు. గుండ్రంగా ఉబ్బి ఉండాల్సిన అంచు బల్లపరుపుగా అయి ఉంటుంది. ఈ పాఠంలోని రబ్బరు కథ అంతా ఆ ముక్కలో కనిపిస్తుంది.

8. రెండు ముఖాలనీ ప్లాస్టిక్ చెక్కతో గీకి, బ్రేక్ క్లీనర్ తడిపిన గుడ్డతో తుడవాలి. స్క్రూడ్రైవర్ వాడితే అల్యూమినియం మీద గీత పడుతుంది, ఆ గీతే రేపటి కాలువ. ఎమరీ కాగితంతో రుద్దితే ఆ గరుకు పొడి ఆయిల్ దారుల్లోకి పోతుంది. స్టీలు స్కేలు అంచు ముఖం మీద నిలబెట్టి, కింద నుంచి వెలుతురు వస్తోందేమో చూడాలి. వస్తే హౌసింగ్ వంగిందని అర్థం. కొత్త గ్యాస్కెట్ వేసినా నిలవదు. ప్లాస్టిక్‌ది అయితే వెంట్రుక లాంటి పగుళ్ల కోసం టార్చి వేసి వెతకాలి.

9. కొత్త గ్యాస్కెట్‌ని పొడిగా, శుభ్రంగా ఉన్న గాడిలో మెలిక పడకుండా చుట్టూ వేలితో నొక్కి కూర్చోబెట్టాలి. కూలర్ సీళ్లు కూడా అదే వయసువి కాబట్టి, చేతిలో ఉన్నప్పుడే మార్చేయడం తెలివి.

10. బోల్టులన్నీ ముందు చేతితో మర ఎక్కించాలి. చేతితో తిరగని బోల్టు మర తప్పిందన్నమాట, పానాతో బలవంతం చేయకూడదు. తర్వాత టార్క్ రెంచితో రెండు మూడు విడతల్లో బిగించాలి. అల్యూమినియంలోకి వెళ్లే ఎమ్-8 బోల్టుకి మామూలుగా 20 నుంచి 25, ఎమ్-6 బోల్టుకి సుమారు 10 న్యూటన్ మీటర్లు. ఆఖరి మాట మాన్యువల్‌దే.

11. కొత్త గుళిక, మూతకి కొత్త ఓ-రింగ్. రింగు ఏ గాడిలో ఉండేదో పాతది తీసేముందే చూసుకోవాలి, పక్క గాడిలో పెడితే ధారే. రింగుకి వేలితో కొత్త ఆయిల్ పూస్తే బిగించేటప్పుడు మెలిక పడదు. చాలా మూతల మీద 25 ఎన్.ఎమ్. అని అచ్చు పోసే ఉంటుంది.

12. ఆయిల్, కూలెంట్ పోసి, కూలెంట్‌లో గాలి తీసేయాలి. బెల్టు ఆయిల్‌లో నానితే తుడిచి వాడకుండా మార్చాలి. ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఎర్ర లైటు కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే ఆపేయాలి. ఆరితే అయిదు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి టార్చితో చూడాలి. ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, చదునైన నేల మీద డిప్‌స్టిక్ చూడాలి. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూస్తే పని పూర్తయినట్టు.

రేకు డబ్బా రకం ఉన్నవాళ్లకి ఒక్క మాట. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు బ్లాకుకే అతుక్కుని ఉండిపోవచ్చు. చూడకుండా కొత్తది బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడతాయి. స్టార్ట్ చేశాక ఒత్తిడికి పక్కకి జారి, నిమిషాల్లో ఆయిలంతా బయటికి తోసేస్తాయి. పాత ఫిల్టర్‌కి రింగు ఉందా అని చూడటానికి రెండు సెకన్లు చాలు.

చాలామంది చేసే రెండు పనులు

ఒకటి, పై నుంచి సిలికాన్ పూసేయడం. లోపల ఒత్తిడి ఉన్న చోట, తడి ఉన్న ముఖం మీద అది పట్టదు. గ్యాస్కెట్‌తో పాటు లోపల కూడా దట్టంగా పూస్తే ఇంకా ప్రమాదం. బిగించినప్పుడు లోపలికి పిండుకుపోయిన ముక్కలు విరిగి, ఆయిల్ దారుల్లో అడ్డం పడతాయి. సిలికాన్ ఎక్కడ వాడాలో అక్కడ మాన్యువలే చెబుతుంది. అచ్చు రబ్బరు గ్యాస్కెట్‌కి అది అవసరం లేదు.

రెండోది, తీసిన నల్ల ఆయిల్‌ని కాలవలోనో ఖాళీ స్థలంలోనో పోసేయడం. మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. మూత ఉన్న డబ్బాలో పోసి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకి చేరేలా ఇవ్వాలి. ఇంజిన్ కారకుండా చూసుకుని నేలని తడపడం న్యాయం కాదు కదా.

ఇంటికి వెళ్లినప్పుడు చేయాల్సిన పని

ఈ పాఠానికి పరీక్ష లేదు, ల్యాబ్ మాత్రం ఉంది. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు, లేదా వీధిలో తెలిసినవాళ్ల బండి ఉంటే వాళ్లని అడిగి, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు ఈ నాలుగూ చూడండి. బండి కింద రాత్రి పరిచిన అట్ట మీద బొట్లు ఉన్నాయా? డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఏ గీత దగ్గరుంది? ఫిల్టర్ హౌసింగ్ ఎక్కడుందో కనిపెట్టగలిగారా? దాని చుట్టూ ఉన్నది పొడి దుమ్మా, తడి మడ్డా? చూసినదాన్ని తేదీతో ఒక కాగితం మీద రాసి, కారు కాగితాల్లో పెట్టండి. నెల తర్వాత మళ్లీ చూసి, అది చెమర్చడమో, ఊరడమో, కారడమో సరైన మాట పక్కన రాయండి. బండి ఎవరి చేతికి వెళ్లినా, "ఎక్కడో లీకు ఉందన్నా" అనడం కన్నా "హౌసింగ్ కింది గీత దగ్గర ఊరుతోంది, పైన వాల్వ్ కవర్ పొడిగానే ఉంది" అని చెప్పగలిగితే, విప్పాల్సింది ఎంతో అంతే విప్పుతారు.